అలల కొలనుకు ఒక పూట కేటాయించవచ్చా?

ప్రశ్న: వచ్చే సెలవుల్లో నేనూ నా భార్యా పది రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. మొదటి మూడు రోజులు సముద్రానికి దూరంగా ఉన్న ఒక నగరంలో, ఆ తర్వాత ఆరు రోజులు సముద్రతీరంలో ఉంటాం. ఆ నగర శివార్లలో కృత్రిమ అలల మీద సర్ఫింగ్ చేయించే పెద్ద కొలను ఒకటి ఉంది. నేను ఇదివరకు రెండుసార్లు సముద్రంలో సర్ఫింగ్ నేర్చుకోవాలని చూశాను కానీ బోర్డు మీద సరిగా నిలబడలేకపోయాను. నా భార్య ఎప్పుడూ ప్రయత్నించలేదు. కొలనులో ఒక గంటకు అడుగుతున్న రుసుముతో తీరంలో రెండు రోజుల శిక్షణ దొరుకుతుంది. "సముద్రం దగ్గరికే వెళ్తున్నప్పుడు మధ్యలో ఈ కొలను ఎందుకు?" అని ఆమె అడుగుతోంది. ప్రయాణాల్లో ఉన్నవారికి ఇవి నిజంగా ఉపయోగపడతాయా, లేక ఒక వింతను చూసి రావడమేనా?

సమాధానం: వెళ్ళండి. అయితే ఒక్క పూటకే వెళ్ళండి, సముద్రం కంటే ముందే వెళ్ళండి, తీరం కోసం అట్టిపెట్టుకున్న ఆరు రోజుల్లో ఒక్క రోజును కూడా దానికోసం తగ్గించుకోకండి. మీరు రాసిన వివరాలను బట్టి ఇంత సూటిగా చెబుతున్నాను. ఇదే ప్రశ్నను బోర్డు మీద అప్పటికే తడబాటు లేకుండా నిలబడగలిగినవారు అడిగి ఉంటే, ఆ డబ్బుతో మంచి అలలున్న తీరంలో ఇంకొక రోజు ఉండమని చెప్పి ఉండేవాణ్ణి.

రెండుసార్లు సముద్రంలో దిగినప్పుడు నిలబడటానికి పనికొచ్చే అలలు మీకు ఎన్ని దొరికాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొత్తవారికి సముద్రంలో గడిచే సమయంలో ఎక్కువ భాగం బోర్డును నురుగుకు ఎదురు నెట్టుకుంటూ లోపలికి వెళ్ళడానికీ, ఊపిరి కూడదీసుకోవడానికీ, మంచి అల కోసం ఎదురుచూడటానికీ సరిపోతుంది. నిలబడటం అనే పని మాత్రం ఒకటి రెండు సెకన్లలో ముగిసిపోతుంది. బోర్డు మీద బోర్లా పడుకుని ఉన్నప్పుడు, అల మనల్ని ఎత్తి ముందుకు తోస్తోందని తెలియగానే అరచేతులను పక్కటెముకల దగ్గర ఆనించి, ఛాతీని పైకి లేపి, రెండు పాదాలనూ ఒక్క ఊపులో ఒంటి కిందికి తెచ్చుకోవాలి. ఆలోచించి చేద్దామంటే అల అంతసేపు ఆగదు కాబట్టి ఇది ఒంటికే అలవాటు కావాలి, అలవాటు కావాలంటే అదే రకం అల అదే చోట అదే వేగంతో మళ్ళీ మళ్ళీ రావాలి. సముద్రంలో ఒక అల వచ్చినట్టు మరొకటి రాదు. కొలనులో వస్తుంది. ప్రయాణికుడు డబ్బు పెట్టి కొనుక్కోదగిన విలువ కొలనులో ఇదొక్కటేనని నా అభిప్రాయం.

అలల కొలను అనగానే చాలామందికి వాటర్ పార్కులో జనం గుంపులుగా తేలుతూ ఉండే కొలను మనసులో మెదులుతుంది. అది వేరు. యంత్రంతో అలలు పుట్టించడం కొత్త సంగతేమీ కాదు. జర్మనీలోని స్టార్న్‌బెర్గ్‌లో సరస్సు ఒడ్డున 1905లోనే అలలొచ్చే స్నానశాల ఉండేది, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీలో 1969లో మొదలైన బిగ్ సర్ఫ్ అనే కొలనులో బోర్డులతో అలలెక్కేవారు. అయితే సర్ఫర్లు గౌరవించదగ్గ అల కొలనులో పుట్టడానికి చాలాకాలం పట్టింది. వేల్స్‌లోని డోల్గారోగ్‌లో సర్ఫ్ స్నోడోనియా అనే అలల కొలను 2015లో ప్రజలకు తెరుచుకుంది. సర్ఫింగ్‌లో పదకొండుసార్లు ప్రపంచ విజేత అయిన కెల్లీ స్లేటర్, కాలిఫోర్నియాలో సముద్రానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన లెమూర్ అనే ఊళ్ళో తాను కట్టించిన కొలనులోని అలను లోకానికి చూపించినదీ అదే ఏడాది డిసెంబరులో. ఈ తరహా కొలనుల్లో చాలావరకు ఆ తర్వాత వచ్చినవే.

మీరు వెళ్ళబోయే కొలను ఏ పద్ధతిలో పనిచేస్తుందో ముందుగా కనుక్కోవడం అవసరం, ఎందుకంటే పద్ధతిని బట్టి మీకు దొరికే అలల సంఖ్య మారిపోతుంది. లెమూర్‌లోనూ, 2024లో తెరిచిన సర్ఫ్ అబుదాబీలోనూ నీటి అడుగున రెక్కలాంటి పెద్ద ఫలకాన్ని పట్టాల వెంట లాగుతారు. ఆ లాగుడుకు పుట్టే అల మీద ముప్పావు నిమిషం వరకూ సాగిపోవచ్చు, కానీ కొలను మళ్ళీ నిశ్చలమైతే తప్ప తర్వాతి అలను పుట్టించలేరు కనుక ఒక్కో అలకూ నిమిషాల తరబడి ఎదురుచూడాలి. ఇంత అందమైన అల కొత్తవారి చేతికి వస్తే వృథా అవుతుందని మొహమాటం లేకుండా చెబుతున్నాను. రెండో పద్ధతి స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి చెందిన వేవ్‌గార్డెన్ సంస్థది. బ్రిస్టల్‌లో 2019లో, మెల్‌బోర్న్‌లోనూ దక్షిణ కొరియాలోని సిహెంగ్‌లోనూ 2020లో, స్విట్జర్లాండ్‌లోని సియోన్‌లో 2021లో, సిడ్నీలోనూ ఎడిన్‌బరో సమీపంలోనూ 2024లో తెరిచినవి ఈ రకం కొలనులే. వీటిలో నడుమన పొడవైన గట్టు ఉంటుంది, దానిలో వరుసగా అమర్చిన పలకలు ఒకదాని తర్వాత ఒకటి నీటిని తోస్తాయి, ఆ తోపు గట్టుకు రెండు వైపులా కుడి అలగానూ ఎడమ అలగానూ విడిపోతుంది. కొన్ని సెకన్లకొక అల చొప్పున వరుసగా వస్తాయి కాబట్టి నేర్చుకునేవారికి ఇదే అనుకూలం. గదుల్లోంచి గాలిని ఒత్తిడితో విడిచి నీటిని కదిలించే మూడో పద్ధతి టెక్సాస్‌లోని వేకోలోనూ జపాన్‌లోని షిజునామీలోనూ ఉంది. అదీ కొత్తవారికి మంచిదే. ఇవి కాక, ఏటవాలుగా ఉన్న మెత్తటి పరుపు మీదికి పంపులతో పలుచగా నీరు చిమ్మి, దానినే సర్ఫింగ్ అని పిలిచే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ అల కదలదు, నీరు మాత్రమే కదులుతుంది, అక్కడ నేర్చుకున్నది సముద్రంలో దాదాపుగా పనికిరాదు. మీ నగరంలో ఉన్నది ఆ రకమైతే నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, మీ భార్య మాటే వినండి.

ఇక లెక్క చూద్దాం. గంటకు వెయ్యి అలల వరకూ పుట్టించగలమని వేవ్‌గార్డెన్ చెబుతుంది, అది యంత్రం శక్తికి సంబంధించిన మాట. కొలనులో మీతోపాటు రెండు వైపులా ఇంకా ఎందరో ఉంటారు, వరుసలో మీ వంతు వచ్చినప్పుడే మీకు అల. గంటసేపటి సెషన్‌లో ఒక్కొక్కరికి సాధారణంగా పది నుంచి పదిహేను అలలు దొరుకుతాయి. పన్నెండు అలలు దొరికి, ప్రతి అల మీదా పన్నెండు సెకన్లు నిలబడ్డారనుకున్నా మొత్తం రెండున్నర నిమిషాలు కూడా కాదు. ఇంత తక్కువా అని మీకు అనిపించవచ్చు. కానీ మీరు సముద్రంలో గడిపిన రెండు రోజుల్లోనూ కలిపి అన్ని సెకన్లు నిలబడి ఉండరు. అందుచేత రుసుమును గంటతో కాకుండా అలల సంఖ్యతో భాగించి చూసుకోండి. ఒక సెషన్‌కు ఎందరిని దించుతారు, ఒక్కొక్కరికి సగటున ఎన్ని అలలు వస్తాయి, వెట్‌సూట్ (చలి తగలకుండా నీటిలో వేసుకునే బిగుతు దుస్తులు), బోర్డు, శిక్షకుడి రుసుము అందులోనే కలిసి ఉన్నాయా లేక విడిగా కట్టాలా అన్న మూడు ప్రశ్నలను బుకింగ్‌కు ముందే అడగండి. సమాధానం తిన్నగా రాకపోతే అది మంచి గుర్తు కాదు.

నా అనుభవం ఒకటి చెప్పడం మీకు పనికొస్తుందనుకుంటాను. నేను చాలా ఏళ్ళు సముద్రంలో అలలెక్కిన తర్వాతే మొదటిసారి కొలనులో దిగాను, అదేమంత కష్టమనుకోలేదు. బోర్డు మీద కూర్చోవలసిన చోటు గోడకు చెయ్యి చాపితే అందేంత దగ్గర. నీటి కింద ఏదో బరువైనది దొర్లినట్టు గుడగుడమని చప్పుడైంది, బోర్డు కింద సన్నగా వణుకు తెలిసింది, గోడను ఆనుకుని ఉన్న నీరు ఒక్కసారిగా జానెడు కిందికి దిగిపోయింది. సముద్రంలో అలవాటైన ప్రకారం అల ఎంత దూరంలో ఉందోనని వెనక్కి తిరిగి చూశాను. చూసేటప్పటికే అది నన్ను దాటిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నా వెనక వరుసలో ఉన్న పన్నెండేళ్ళ అమ్మాయి ఎంతో మర్యాదగా, "వెనక్కి చూడకండి, గోడ మీద ఎర్రగీత దగ్గర నీళ్ళు తగ్గగానే చేతులతో నీటిని వెనక్కి తోస్తూ ముందుకు సాగండి" అని చెప్పింది. నాలుగో అల దొరికింది. ఆ తర్వాత ఒకే మలుపును తొమ్మిదిసార్లు వరుసగా ప్రయత్నించి, ఎన్నో ఏళ్ళుగా నా వెనక పాదం నాలుగు వేళ్ళ మేర ముందుకు పడుతోందని ఆ ఒక్క గంటలో గ్రహించాను. సముద్రం నాకు దాన్ని చూపించలేదు, ఎందుకంటే తప్పు నాదా అలదా అన్నది అక్కడ ఎప్పుడూ తేలదు.

ఆ అనుభవంలోనే కొలను లోపం కూడా ఉంది. ఆ అమ్మాయి చెప్పిన ఎర్రగీత సముద్రంలో ఉండదు. అల ఎక్కడ విరుగుతుందో, ఏది వదిలేసి ఏది పట్టాలో, ఆటుపోట్లతో, గాలితో ఆ చోటు గంటగంటకూ ఎలా జరుగుతుందో తెలుసుకోవడమే సర్ఫింగ్‌లో సగానికి పైగా విద్య, అందులో ఒక్క అక్షరం కూడా కొలనులో రాదు. విరిగే అలల్ని దాటుకుని లోపలికి వెళ్ళడమూ రాదు. కొలనులో ముచ్చటగా మలుపులు తిప్పే ఒక యువకుణ్ణి తీరానికి తీసుకువెళ్ళాను. అతను నలభై నిమిషాలు నురుగులోనే కొట్టుకుని, భుజాలు పడిపోయి, ఒక్క అలా ఎక్కకుండా ఒడ్డుకు వచ్చి కూర్చున్నాడు. అతని తప్పేమీ లేదు, ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. అన్నింటికంటే ముఖ్యమైనది రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే నీటి పాయ. దానికి ఎదురు ఈదితే అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. బోర్డును వదలకుండా పట్టుకుని, ఒడ్డుకు సమాంతరంగా జరిగి పాయలోంచి బయటపడి, అప్పుడు ఒడ్డువైపు తిరగాలి. కొలనులో చక్కగా నిలబడ్డామన్న ధైర్యంతో శిక్షకుడు లేకుండా సముద్రంలో దిగడం నేను చూసిన పొరపాట్లలో అతి ప్రమాదకరమైనది. దయచేసి మీరు అలా చేయకండి.

ఒలింపిక్స్‌లో సర్ఫింగ్‌ను చేర్చినప్పుడు కొలనులో పెడితే సమయం తప్పకుండా పోటీలు జరుగుతాయని వాదించినవారు ఉన్నారు. చివరికి టోక్యో క్రీడల పోటీలు 2021లో త్సురిగసాకి తీరంలో, పారిస్ క్రీడల పోటీలు 2024లో తాహితీ దీవిలోని తియహుపూ దగ్గర, రెండూ సముద్రంలోనే జరిగాయి. అది సరైన నిర్ణయమని నేను నమ్ముతాను. అయితే టోక్యోకు వెళ్ళే ముందు అమెరికా జట్టు షిజునామీ కొలనులో సాధన చేసిందన్న సంగతీ మీరు గమనించాలి. పోటీ సముద్రంలోనే అయినా కసరత్తు కొలనులో చేసుకున్నారు. మీ ప్రయాణానికీ నేను చెబుతున్న వరుస అదే.

కొలను అనగానే ప్రమాదమేమీ లేదనుకోకండి. అడుగున ఇసుక ఉండదు, కాంక్రీటో దాని మీద పరిచిన గట్టి పొరో ఉంటుంది, అల విరిగే చోట లోతు చాలా తక్కువ. పడిపోతున్నామని తెలిస్తే తల ముందుగా దూకకుండా, వెల్లకిలా లేదా పక్కకు చాపలా పరుచుకుని పడండి, నీటి లోపల రెండు చేతులతో తలనూ మెడనూ కప్పుకుని, బోర్డు ఎటు ఉందో చూసుకుని పైకి రండి. మంచినీరు సముద్రపు నీటికంటే సుమారు రెండున్నర శాతం తేలిక కనుక బోర్డు కాస్త ఎక్కువగా మునిగినట్టు అనిపిస్తుంది, అందుకని ఒక సైజు పెద్ద సాఫ్ట్ బోర్డు అడిగి తీసుకోండి. నీటి శుద్ధి గురించి అడగడానికి మొహమాటపడవద్దు. వెచ్చని మంచినీటిలో పెరిగే నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోకి నీరు పోయినప్పుడు మెదడుకు చేరి ప్రాణం తీయగలదు. 2018లో అమెరికాలో అలల కొలను ఉన్న ఒక పార్కుకు వెళ్ళి వచ్చిన వ్యక్తి ఈ వ్యాధితోనే చనిపోయాడు. ఇది అత్యంత అరుదు, క్లోరిన్‌తో సరిగా శుద్ధి చేసిన నీటిలో ఈ అమీబా బతకదు. నీటిని ఎలా వడగడతారు, ఏ మందు కలుపుతారు, ఎంత తరచుగా పరీక్షిస్తారు అని అడిగితే బాధ్యత గల నిర్వాహకులు వెంటనే చెబుతారు.

మీ భార్య కోసం ఒక జాగ్రత్త ప్రత్యేకంగా రాస్తున్నాను. ఇది మొదటిసారి బోర్డెక్కే ఎవరికైనా, కొలనులోనైనా సముద్రంలోనైనా వర్తిస్తుంది. అలవాటు లేనివారు బోర్డు మీద బోర్లా పడుకుని చాలాసేపు నడుమును వెనక్కి విల్లులా వంచి ఉంచితే, ఏ దెబ్బా తగలకుండానే వెన్నుపాముకు రక్తప్రసరణ తగ్గి కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉంది. 2004లో హవాయి వైద్యులు దీనిని మొదటిసారి వివరించారు. చాలా అరుదైనదే కానీ, అది వచ్చేది ఎక్కువగా మొదటి పాఠం రోజునే. వరుసలో వంతు కోసం ఎదురుచూసేటప్పుడు పడుకుని ఉండకుండా బోర్డు మీద లేచి కూర్చోండి. నడుములో హఠాత్తుగా నొప్పి పుట్టినా, కాళ్ళలో తిమ్మిరి అనిపించినా, మరో అల కోసం ఆగకుండా ఒడ్డుకు వచ్చి వెంటనే వైద్య సహాయం తీసుకోండి.

విద్యుత్తు, నీరు సంగతి మీరు అడగలేదు కానీ దాటవేయడం నాకు ఇష్టం లేదు. నీటి ఎద్దడి ఉన్న చోట ఇలాంటి కొలను కట్టడం నాకు సమ్మతం కాదు. కాలిఫోర్నియా ఎడారి ప్రాంతంలోని లా కింటా నగర పాలకులు అలాంటి ప్రతిపాదనను 2022లో తిరస్కరించారు. మరోవైపు, నగరానికి పక్కనే కొలను ఉండటం వల్ల తీరం దాకా గంటల తరబడి కార్లు నడిపే అవసరం కొందరికి తప్పుతుంది, సముద్రంలో దిగడం కష్టమైన వికలాంగులు నిలకడైన అలల మీద సర్ఫింగ్ ఆనందాన్ని పొందగలుగుతారు. ఏటా ఒక పూట వెళ్ళే ప్రయాణికుడు దీని గురించి అపరాధభావం పెట్టుకోనక్కరలేదని నా ఉద్దేశం, అయితే కొలను కోసమే విమానమెక్కి వెళ్ళడం మాత్రం తీరం అందుబాటులో ఉన్నవారికి తగదు.

మీ ప్రయాణంలో దీన్ని ఇలా అమర్చుకోండి. నగరంలో మూడో రోజున, అంటే తీరానికి బయలుదేరే ముందు రోజున, ఉదయం సెషన్ తీసుకోండి. మొదటి రోజే పెట్టుకుంటే ప్రయాణపు అలసట వల్ల డబ్బుకు తగ్గ ఫలితం రాదు, మరీ ముందుగా చేసినా ఒంట్లో ఆ అలవాటు చల్లారిపోతుంది. యంత్రం మరమ్మతుకు వస్తే కొలను ఒక్కసారిగా మూతపడుతుంది, శాశ్వతంగా మూతపడినవీ ఉన్నాయి. నేను మొదట చెప్పిన సర్ఫ్ స్నోడోనియా కూడా 2023లో ముగిసిపోయింది. సెషన్ రద్దయితే సొమ్ము వాపసు ఇస్తారా, లేక మరో తేదీ మాత్రమే ఇస్తారా అని చూసుకోండి, ఎందుకంటే మరో తేదీ ప్రయాణికుడికి ఎందుకూ కొరగాదు. సెషన్ల పేర్లు చూసి తొందరపడి మధ్యస్థాయిది తీసుకోకండి, మీరిద్దరూ శిక్షకుడు ఉన్న ప్రారంభ పాఠమే తీసుకోవాలి. దానిలో విరిగిన అల నురుగు మీదే సాధన చేయిస్తారు, అది చిన్నతనంగా భావించకండి. అక్కడ పది అలల్లో ఆరింటి మీద నిలబడగలిగితే, ఆ రోజుకు అదే ఘనమైన ఫలితం. రెండో సెషన్ కూడా కొనాలన్న ఉత్సాహం తప్పకుండా వస్తుంది. భుజాలు అలిసిపోయాక చేసే రెండో గంటలో తప్పులే అలవాటవుతాయి కాబట్టి ఆ డబ్బును తీరంలోని శిక్షకుడి కోసం దాచండి.

మీ భార్యకు దిగాలని లేకపోతే బలవంతం చేయకండి. గట్టు మీద నిలబడి చూసేవారికి ఈ కొలనుల్లో చోటు ఉంటుంది, అల రోజూ ఒకే చోట పుడుతుంది కనుక అక్కడి నుంచి ఫోన్‌తో తీసిన వీడియోలో మీ ప్రతి ప్రయత్నమూ ఒకే కోణంలో పడుతుంది. సముద్రంలో అలా తీయడం చాలా కష్టం. ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని వీడియోను నెమ్మదిగా నడిపి, చేతులు ఎక్కడ ఆనుతున్నాయో, లేచేటప్పుడు చూపు కాళ్ళ మీద ఉందో ముందుకు ఉందో, వెనక పాదం ఎక్కడ పడుతోందో చూడండి. తీరంలో మొదటి ఉదయం నీళ్ళలో దిగే ముందు అదే వీడియోను మీ శిక్షకుడికి చూపించండి.